అయ్య పంపిన సామలు

మొన్న పాడేరు నుంచి ఒక ఆఫీసరమ్మ జీపు దిగి మా ఇంటికి వచ్చింది. మా మనవడూ వాడి భార్యా ఒక పసిబిడ్డను పెంచుకుంటామని దరఖాస్తు పెట్టుకున్నారు. ఇల్లు చూసి, వాకిలి చూసి, మనుషుల్ని చూసి, బిడ్డను ఇవ్వవచ్చో కూడదో రాసుకుపోవడం ఆవిడ ఉద్యోగం. మంచి మనిషే. మా తోట కాఫీ తాగింది, బాగుందంది. వెళ్ళేముందు ఫైలు మూస్తూ, "మామ్మగారూ, రేపెప్పుడైనా ఆ బిడ్డ కన్నతండ్రి వచ్చి నా బిడ్డ నాకిచ్చెయ్యండి అంటే మీరేం చేస్తారు?" అని నవ్వుతూ అడిగింది.

"చీపురు తిరగేస్తాను," అన్నాను.

మనవడు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. "అలా కాదండీ, కన్నవాళ్ళకి కూడా కొన్ని హక్కులుంటాయి కదా," అంది. హక్కులట! ఇక అక్కడ కూర్చోలేక లేచి పెరట్లోకి పోయాను. ఈ వయసులో అంత కోపం ఒంటికి మంచిది కాదని కోడలు మందలించింది. ఆ సంగతి నాకూ తెలుసు. నా పళ్ళు ఊడిపోయాయి, కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు మాట వినడం మానేశాయి. ఆ కోపం మాత్రం చెక్కు చెదరలేదు.

నన్ను కన్న తల్లి నాకు గుర్తులేదు. మన్యం జ్వరంతో పోయిందట. నాకప్పుడు నాలుగేళ్ళుంటాయేమో, లెక్క కట్టినవాళ్ళు లేరు. ఆమె పోయిన నెలలోపే మా అయ్య నన్ను పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి, చేతికో సొరబుర్ర అంబలి ఇచ్చి, ఆ ఇంటావిడతో "సంతకెల్లొత్తాను, కుసింతసేపు దీన్ని సూడు," అన్నాడట. సంతకు తేయాకు తోటలకు మనుషుల్ని పోగుచేసే సర్దారు వచ్చి ఉన్నాడు. అయ్య వాడి వెంట పాచిపెంట ఘాటు దిగి, రైలెక్కి, అస్సాము పోయాడు. సంతకని వెళ్ళిన మనిషి ఏడేళ్ళకు తిరిగొచ్చాడు.

ఆ పక్కింటావిడే మా అమ్మ. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. మాకూ ఆమెకూ చుట్టరికం లేదు. పొద్దుగుంకేదాకా చూసిందట. మర్నాడు చూసిందట. మూడో రోజున నాకు తల దువ్వి, పేలు తీసి, తన చీర చింపి నడుముకు చుట్టిందట. దత్తత అంటే మా ఇంట్లో జరిగింది అంతే. మంత్రం లేదు, కాగితం లేదు, అడిగేవాళ్ళు లేరు. పేలు తీయడంతో అయిపోయింది.

మాది రెండు కొండల నడుమ పన్నెండు గడపల ఊరు. కింద గెడ్డ పారేది. ఎండాకాలంలో పోడు కాల్చిన మసి వాసన, వానలకు తడి పేడ వాసన, చలికాలంలో ఊరంతా పసుపు ఉడకబెట్టే వాసన. ఆ పసుపు వాసన ముక్కుకెక్కితే అన్నం తినబుద్ధి కాదనేవారు పెద్దవాళ్ళు. నాకు మాత్రం ఎప్పుడూ ఆకలే. పొద్దున్నే రాగి అంబలి, మధ్యాహ్నం అంబలి, రాత్రి ఏదైనా దుంప దొరికితే దుంప. వానలు పడ్డాక వెదురు కొమ్ములు తరిగి, గెడ్డనీళ్ళలో ఊరేసి, కందులతో వండేది అమ్మ. ఆ పులుపు ఇప్పటికీ దవడల్లో తిరుగుతుంది. నిప్పుల్లో పనసగింజలు కాలుతుంటే అవి పేలకముందే లాగడం నా పని. కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకుని ఏడుస్తూనే ఇంకో గింజ లాగేదాన్ని. "దీని కడుపులో తోడేలు పిల్లుందే," అనేది అమ్మ.

అల్లరికి లోటు లేదు. మామిడిచెట్టు మీది ఎర్రచీమల గూడు కోసి, పచ్చడికని ఆకులో కట్టి, దాన్ని ఊరి నాయుడు పడుకున్న మంచం కిందికి తోసిన రోజు ఒకటుంది. నాయుడంటే మా ఊరి పెద్ద. లావుపాటి మనిషి. ఆయన గెంతిన గెంతుకు మంచం కోడు విరిగింది. అమ్మ నన్ను కొట్టలేదు. ఆయన ఇంటి ముందు కూర్చుని, నవ్వు ఆపుకుంటూ, కొత్త కోడు చెక్కి ఇచ్చింది. మగవాళ్ళ పనులన్నీ ఆమెకు వచ్చు. రాకపోతే కుదరదు కదా.

ఇక కొత్త సంగతి చెప్పాలి. మా కొండల్లో కొత్త తినడం అంటే పెద్ద పండుగ. సామలు కోతకు రాగానే ఎవరూ నోట్లో వేసుకోకూడదు. మంచిరోజు చూసి, ఇల్లు అలికి, పొయ్యి వెనక ఇంటిదేవుడి గుంజ దగ్గర కొత్త గింజ పెట్టి, అప్పుడు వండుకు తినాలి. ఆ పెట్టడంలో ఒక పద్ధతుంది. ప్రతి బిడ్డ పేరునా ఒక పిడికెడు సామలు వెయ్యాలి, ఆ పిడికెడు తండ్రే వెయ్యాలి. తండ్రి ఊళ్ళో లేకపోతే ఎక్కడున్నా ఆ పిడికెడు పంపాలి. మూడు కొత్తలు వరసగా పంపలేదంటే ఆ బిడ్డ మీద అతనికిక మాట లేదు. ఏ పొయ్యి అన్నం పెడుతుందో ఆ పొయ్యి బిడ్డ. బిడ్డను కన్నందుకు పిడికెడు గింజ బాకీ అని మావాళ్ళు అనుకున్నారు. ఇంతకంటే తేలికైన చట్టం ఏ కచేరీలోనైనా ఉంటే నాకు చూపించండి.

ఆ పద్ధతికే ఇంకో కొస ఉంది. ఒకరు వేసిన గింజను ఇంకొకరి పేరు చెప్పి దేవుడి ముందు పెట్టకూడదు. పెడితే ఊరి పంటకే కీడంటారు.

అమ్మ ఇంట్లో నా మొదటి కొత్తకు నా పేరున పిడికెడు పడలేదు. నాకది తెలియదు కూడా. మర్నాడు గెడ్డ దగ్గర పిల్లలందరూ ఎవరి అయ్య ఎంత పెద్ద పిడికెడు వేశాడో చెప్పుకుంటున్నారు. నా ఈడు పిల్ల ఒకతె నన్ను చూసి, "దీనికి అయ్య నేడు, పిడికెడు నేదు. ఇది గెడ్డలో కొట్టుకొచ్చిన గుంట," అంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నేను దాని చెవి కొరికాను. రక్తం వచ్చేదాకా వదల్లేదు. ఇంటికి వచ్చి అమ్మ ఒళ్ళో పడి, నేను గెడ్డలో కొట్టుకొచ్చానా అని అడిగి, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. అమ్మ నా నోటికంటిన రక్తం కడిగింది.

మరుసటి ఏడు కొత్తనాడు, ఇల్లు అలుకుతూ అలుకుతూ లేచి బయటికి పోయి, అడ్డాకు పొట్లం ఒకటి పట్టుకొచ్చింది. "ఒలే గుంటా, ఇదో సూడు. మీ అయ్య పంపినాడు. సంతకొచ్చినోల్లు తెచ్చి ఇచ్చినారు," అంది.

విప్పితే పిడికెడు సామలు.

నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. పొట్లం పట్టుకుని పన్నెండు గడపలూ తిరిగాను. చెవి కొరికించుకున్న పిల్లకు రెండుసార్లు చూపించాను. మా అయ్య పంపినాడు, అస్సాము నుంచి పంపినాడు. పెద్దవాళ్ళు చూసి, తలలూపి, "మంచిదేనే," అన్నారు. నాయుడు పొట్లం చేతిలోకి తీసుకుని కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత నా నెత్తి మీద చెయ్యి వేసి, "పో, మీ అమ్మకి ఇచ్చీ," అన్నాడు. ఆ ఏటినుంచి ప్రతి కొత్తకూ పొట్లం వచ్చింది. ఎప్పుడైనా నన్ను ఎవరైనా ఏమన్నా, చీకట్లో కూచుని అయ్యతో మాట్లాడుకునేదాన్ని. నా అయ్య పొడగరి, నవ్వుతాడు, నా పేరున గింజలు ఏరి ఆకులో కడతాడు. ఆ మనిషిని నేనే తయారు చేసుకున్నాను. వాడంత మంచివాడు ఆ కొండల్లో లేడు.

ఏడో ఏడు అసలు అయ్య వచ్చాడు.

కోటు, గొడుగు, కాలికి బూట్లు, తలకు వాసన నూనె. బీడీ తాగుతూ తగుదునమ్మా అని మా వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ లేచి చెంబుతో నీళ్ళిచ్చింది. అన్నం పెట్టింది. ఉన్న ఒక్క కోడినీ కోసి పెట్టింది. నాకోసం ఒక ఎర్ర గౌను తెచ్చాడు. మెడకు తెల్లటి అంచు. అలాంటి గుడ్డ మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. వేసుకుని తిరుగుతుంటే ఒళ్ళంతా గరగరలాడింది, అయినా విప్పలేదు. "అయ్యా, నువ్వు పంపినవన్నీ దేముడి కాడ ఎట్టినాం," అన్నాను. "ఆ, మరి," అన్నాడు. ఏం పంపానని కూడా అడగలేదు. నేను గమనించనే లేదు.

తిన్నాక చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు. ఎల్లుండి బయల్దేరాలి, గుంటను తీసుకుపోతాను అని.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"తోటలకి. సిన్న సేతులైతే ఆకు బేగి తుంపుతాయి. పిల్లలున్నోడికే దొర గది ఇత్తాడు. నేనొక్కన్నీ ఎన్నాల్లని పదిమందితో కలిసి పడుకుంటాను?"

నా తండ్రి నన్ను వెతుక్కుంటూ రావడానికి కారణం ఇది. ఒక గది. నేను వెళితే వాడికి తలుపున్న గది వస్తుంది. తోటలకు పోయిన పిల్లలెవరూ తిరిగి రాలేదని ఊళ్ళో అందరికీ తెలుసు. పోయిన పెద్దవాళ్ళలోనే సగంమంది మిగలలేదు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "ఇవ్వను," అంది. "నాదాన్ని నాకివ్వననడానికి నువ్వెవులు?" అన్నాడు వాడు, పళ్ళ సందుల్లో ఇంకా ఆమె పెట్టిన కోడిమాంసం ఉండగానే.

ఊరి పెద్దలు రెండు పక్షాలయ్యారు. ఆ వారమే డిప్యూటీ తాసిల్దారు గుర్రం మీద సంత ఊరికి వచ్చి, చింతతోపులో డేరా వేసుకుని ఉన్నాడు. అయ్య ముందే పోయి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. దాంతో నాయుడికీ అమ్మకూ కబురు వచ్చింది. మేమంతా పోయాం. నేను ఎర్ర గౌను తొడుక్కునే పోయాను.

తాసిల్దారు పల్లపు మనిషి. నుదుట బొట్టు, ముక్కు మీద కళ్ళద్దాలు. మా ఊరి కోళ్ళు రెండు అప్పటికే ఆయన వంటడేరాకు చేరాయి. అమ్మ చెప్పేది సగం విని చెయ్యెత్తాడు.

"ఆడపిల్లను దత్తత చేసుకోవడం శాస్త్రంలో ఎక్కడా లేదు. పైగా మొగుడు పోయినదానివి, నీకెవరిచ్చారు ఆ అధికారం? తండ్రి తండ్రే. బిడ్డ మీద హక్కు అతనిది."

"హక్కు ఆడిదైతే, బాబూ, ఈ ఏడేల్లు గంజి ఎవుల్ది?" అంది అమ్మ.

"అది నీ దయ. దయకు హక్కులుండవు."

ఆ మాట నేను అప్పుడు విన్నాను, అర్థం కాలేదు. తర్వాత మిషను బడిలో అక్షరాలు నేర్చుకుని, నలభై ఏళ్ళు ఊరి పిల్లలకు చదువు చెప్పిన కాలంలో అర్థమైంది. కంటే హక్కట. పెంచితే దయట. కనడానికి మా అయ్య పడ్డ శ్రమ ఏమిటో ఆ కళ్ళద్దాలాయన కాగితం మీద రాసుంటే బాగుండేది.

నాయుడు లేచి దణ్ణం పెట్టి, శాస్త్రం సంగతి మాకు తెలియదు, కొండమీద మా పద్ధతి ఒకటుందని, మూడు కొత్తల సంగతి చెప్పాడు. తాసిల్దారుకు ముచ్చటేసినట్టుంది. కలం పక్కన పెట్టాడు. "సరే, కొండవాళ్ళ సంగతి కొండ పద్ధతిలోనే తేలుద్దాం. ఇతను పిడికెడు పంపాడా లేదా?"

నాయుడు అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల వైపు చూసింది. అప్పుడు తాసిల్దారు నన్ను దగ్గరికి పిలిచాడు. "ఏమే పిల్లా, నీకు తెలుసా? మీ అయ్య నీ పేరున గింజలు పంపేవాడా?"

"పంపినాడు," అన్నాను. గట్టిగా అన్నాను, తోపులో ఉన్నవాళ్ళందరికీ వినపడాలని. "ఏడాదేడాదీ పంపినాడు!"

అయ్య ముఖం చూడాల్సింది. ఒక్క క్షణం వాడికేమీ అర్థం కాలేదు. మరుక్షణం రెండు చేతులూ జోడించి ముందుకొచ్చేశాడు. "సూడండి బాబూ, సూడండి! నా తిండి మానుకుని పంపినాను. కన్నకడుపు కదా!" దారిన పోతూ దొరికినదాన్ని జేబులో వేసుకున్నట్టు, ఆమె ప్రేమను వేసుకున్నాడు వాడు. ఇన్నేళ్ళలో వాడు చేసిన పనులన్నీ ఒక ఎత్తు, నాకు ఇదొక్కటీ ఒక ఎత్తు. వదిలిపోయినవాడిని క్షమించవచ్చునేమో, ఆకలి ఏదైనా చేయిస్తుంది. ఆ జోడించిన చేతుల్ని మాత్రం నేను క్షమించలేదు, క్షమించను.

"మరింకేం! మీ పద్ధతి ప్రకారమే బిడ్డ ఇతనిది," అని తాసిల్దారు కలం తీశాడు.

"నానే," అంది అమ్మ.

కలం ఆగింది.

"నానే కట్టినాను, బాబూ. నా సేలో సామలు, నానే ఆకులో కట్టి ఆడు పంపినాడని సెప్పినాను. గుంట ఏడుత్తంటే సూల్లేక సెప్పినాను. ఆడు ఒక్క గింజ పంపనేదు." ఇంత పొడుగు మాట ఆమె నలుగురిలో మాట్లాడటం నేను ముందెప్పుడూ వినలేదు. నాయుడు కళ్ళు మూసుకున్నాడు. అమ్మ ఏమి ఒప్పుకుందో ఆయనకు తెలుసు. ఒకరి గింజ ఇంకొకరి పేరున దేవుడి ముందు పెట్టానని, ఊరు వింటుండగా, తన నోటితో తనే చెప్పింది.

"అబద్ధం!" అని అరిచాడు అయ్య. "గుంట సేత సాకిరీ సేయించుకోడానికి అబద్ధమాడతంది!"

"అబద్ధం!" అని నేనూ అరిచాను. అవును, నేనే. పోయి మా అయ్య పక్కన నిలబడ్డాను, వాడి కోటు పట్టుకున్నాను. నా అయ్యను నాకు లేకుండా చేస్తోందని అమ్మ మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు.

తాసిల్దారు విసుక్కున్నాడు. "ఎవరి మాట నమ్మను నేను? పిల్లా, నువ్వు చెప్పు. ఆ గింజలు ఎలా వచ్చేవి? నీ కళ్ళతో చూశావా?"

అయ్యను గెలిపించాలి. నా ఒంట్లో ఉన్న తెలివంతా కూడదీసుకుని, ఒక్కటీ వదలకుండా చెప్పాను. "సూసినాను బాబూ. అడ్డాకు పొట్లంలో వొచ్చేవి. పచ్చాకు, నిగనిగలాడీది. మీద నార కట్టుంటే ఆ నార తడి కూడా ఆరీది కాదు. మా అయ్య అంత బాగా కట్టి పంపీవోడు."

తోపులో ఎవరో ఒకరు ముందు నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. అస్సాము నుంచి రైళ్ళు మారి, కొండెక్కి రావాలంటే తక్కువలో తక్కువ మూడు వారాల దారి. అడ్డాకు రెండోరోజుకే వాడిపోతుంది. అది మా ఊళ్ళో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. తాసిల్దారుకు ఎవరో చెవిలో చెప్పారు. ఆయనా నవ్వాడు. నేను అందరి ముఖాలూ చూశాను. అయ్య ముఖం చూశాను. చివరికి, మా ఊరి మనుషుల్లో ఒక్కరికి కూడా ఆశ్చర్యం లేదని కనిపెట్టాను. అందరికీ మొదటి ఏటినుంచే తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

"చట్టం ప్రకారం బిడ్డ తండ్రిదే. కావలసి వస్తే కోర్టుకు పోవచ్చు. నేనేమీ రాయడం లేదు, మీ గొడవ మీరే చూసుకోండి," అని తాసిల్దారు భోజనానికి లేచాడు. కోర్టుకు పోవడానికి అయ్యకు తీరిక లేదు. సర్దారు మనుషులు మర్నాడే బయల్దేరుతున్నారు. వాడు నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి పట్టుకుంటాడేమో అనుకున్నాను. "గౌను ఇప్పీ," అన్నాడు. ఇంకెవరి పిల్లకో పనికొస్తుందట. అందరి ముందూ విప్పి ఇచ్చాను. పదకొండేళ్ళ పిల్లను. అమ్మ పరుగున వచ్చి తన పైచెంగు నా చుట్టూ కప్పింది. గొడుగు ఊపుకుంటూ వాడు పోయాడు. వాడికి మా ఊరు ఏ శిక్షా వేయలేదు. ఊరు వదిలిపోయినవాడు కదా, మా పద్ధతులు వాడికి చెల్లవట.

శిక్ష అమ్మకు పడింది. మర్నాడు పెద్దలు కూర్చున్నారు. బిడ్డ ఆమె పొయ్యిదేనని తేల్చారు. దేవుడి ముందు తప్పుడు పేరు చెప్పినందుకు మూడు కొత్తలు ఆమెకు వెలి అని కూడా తేల్చారు. మూడేళ్ళు ఆమె పొయ్యి మీద కొత్త వండకూడదు. నలుగురూ కొత్త తినే చోటికి రాకూడదు. ఊరంతా తినేసి, కొత్త గింజ పాతగింజ అయ్యాకే ఆమె నోట్లో వేసుకోవాలి. నాయుడు ఆ మాట చెబుతున్నంతసేపూ తల దించుకునే ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఆ పొట్లాలు చూసి తలలూపినవాళ్ళే ఈ పెద్దలంతా. గుట్టుగా ఉన్నన్నాళ్ళూ దేవుడికి కోపం రాలేదు. నన్ను దక్కించుకోవడానికి ఆమె నిజం చెప్పిన రోజున వచ్చింది. వాళ్ళ మీద కూడా నాకు కోపమే. ఆమెకు మాత్రం ఎవరి మీదా కోపం లేదు. "మరేటి, తప్పు తప్పే కదా," అంది.

నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. అంబలి పోస్తే తాగేదాన్ని, పిలిస్తే పలికేదాన్ని కాదు. ఆ కోటు మనిషి పోయినందుకు కాదు. ఆకులో గింజలు కట్టే నా అయ్య ఒకడుండేవాడు, వాడిని ఆమె చంపేసింది. పదకొండేళ్ళ బుర్రకు అంతవరకే అందింది. ఆ గింజలు కట్టిన మనిషి చావలేదనీ, రోజూ నా కంచంలో అంబలి పోస్తోందనీ తట్టలేదు.

వానలు వెనకపట్టాయి. సామలు కోశారు. కొత్తనాడు ఊరి పిల్లలతో పాటు నాకు నాయుడి ఇంట్లో ఆకు వేశారు. అమ్మకు వెలి కాబట్టి, నా పేరున పిడికెడు ఊరి పెద్దగా నాయుడే వేశాడు. కొత్త సామల అన్నం, గుమ్మడికాయ కూర, చిక్కుడు గింజలు. ఆవిరి ముఖానికి కొడుతుంటే కడుపులో పేగులన్నీ లేచి కూచున్నాయి. తలుపు తీసే ఉంది. సన్నగా తుంపర పడుతోంది. కంచెకు అవతల, నెత్తిన ఆకుల గిడుగు కప్పుకుని, అమ్మ నిలబడి ఉంది. లోపలికి రాకూడదు కదా, నేను తింటానో లేదో చూసుకోవడానికి అక్కడిదాకా వచ్చింది.

నేను చూశాను. ఆమె చూస్తోందని తెలిసే, తలుపు వైపు తిరిగి కూచున్నాను. రెండోసారి వడ్డించమన్నాను. మూడోసారి కూడా. వేలు వేలూ నాకుతూ, ఆమెకు కనబడేలా తిన్నాను. ఆ ఊళ్ళో ఆ రోజు కొత్త తినని మనిషి ఆమె ఒక్కతే.

బయటికి వచ్చాక ఆమె పక్కనుంచే నడిచాను, ఆగకుండా. ఆమె వెనకే వచ్చి గిడుగు నా నెత్తిమీదికి జరిపింది.

"కడుపు నిండినాదేటే?"

నా చెంప మీద ఒక మెతుకు అంటుకుని ఉన్నట్టుంది. వంగి, చూపుడువేలితో దాన్ని తీసింది. కొత్త సామల మెతుకు, ఒక్కటే. చీకటి పడుతోంది, దారిలో ఇంకెవరూ లేరు. నోట్లో వేసుకున్నా అడిగే దిక్కు లేదు. అబద్ధాలకోరని ఊరు వెలివేసిన మా అమ్మ, ఆ మెతుకును వేలిమీద పెట్టుకుని ఒక్క క్షణం చూసి, జాగ్రత్తగా నా పెదవులకు అందించింది.

నేను ఆ చేతిని తోసేశాను. మెతుకు బురదలో పడింది.